మూత లేని పెట్టె

పడసాల బండలు తుడిచిన తడి ఆరకముందే ఓబిలేష్ పిలిచాడు. "గంగా, రాయే. తీగలు పట్టు."

గంగాదేవి చేతులు కొంగుకు తుడుచుకుంది. ఎంత తుడిచినా తడి పోయినట్టు అనిపించదు. కళ్యాణదుర్గం చుట్టుపక్కల రైతులు శనక్కాయ పైరుకు మందు కొట్టే బ్యాటరీ పంపులు చెడిపోతే, వాటి మోటార్లను ఆమె మొగుడు ఓబిలేష్ దగ్గరికే తెస్తారు. పాత కంప్యూటర్‌లోంచి పీకిన రేకు పెట్టెను గోడ ప్లగ్గులో పెట్టి, దాని తీగలతో ఆ మోటార్లను తిప్పి చూస్తాడు. మోటారుకు వచ్చేది పన్నెండు వోల్టులే, చీమ కుట్టినంత కూడా ఉండదంటాడు. కానీ పెట్టెకు మూత లేదు. లోపల ఉన్నది ఇంటి కరెంటు. తీగల కొసలు మోటారుకు ఆనించి పట్టుకోవడం ఆమె పని, స్విచ్చు వేసి చెవి పెట్టి వినడం ఆయన పని. ఆయన చెక్క స్టూలు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటాడు. ఆమె తడి బండల మీద, వట్టి కాళ్లతో. దేవుడి పటం ఉన్న పడసాలలోకి చెప్పులతో వస్తే అత్త నల్లమ్మ ఊరుకోదు.

పోయిన నెల మోచేయి పెట్టె లోపల తగిలింది. భుజం దాకా ఎవరో పట్టి లాగినట్టయింది. ఆయన నవ్వాడు. "కప్ప మాదిరి ఎగిరినావే." అత్త లోపల్నుంచే అంది, "ఈ మాత్రానికే సస్తారా? మేము బాయిలో దిగి నీళ్లు తోడినోళ్లం." అప్పట్నుంచి పిండి కలుపుతున్నా, కూతురికి జడ వేస్తున్నా ఆ లాగుడు గుర్తొచ్చి చేయి దానంతటదే వెనక్కి పోతుంది. భయమని చెబితే నవ్వుతారు. చెప్పకపోతే పట్టుకోమంటారు.

ఈరోజూ చేయి వెనక్కి పోయి తీగ జారింది. మోటారు గిర్రుమని ఆగిపోయింది.

"నీతో కాదులే," అన్నాడు ఓబిలేష్. "హేమా, ఇట్లా రామ్మా. మీయమ్మకు బయమంట."

బడికి పోవాల్సిన కూతురు, తలంటుకున్న జుట్టులోంచి నీళ్లు కారుతుండగా, వట్టి కాళ్లతో వచ్చింది. తీగల కోసం చేయి చాపింది.

గంగాదేవి ప్లగ్గు పీకేసింది. గడప దాటి తన రబ్బరు చెప్పులు తొడుక్కుని లోపలికి వచ్చింది. "దేవుని ముందరికి చెప్పులా?" అని అత్త అంటూనే ఉంది.

"లేప్పా రవ్వంత," అంది మొగుడితో. ఎందుకో తెలియక ఆయన లేచాడు. ఆమె స్టూలు మీద కూర్చుని, ప్లగ్గు తిరిగి పెట్టి, స్విచ్చు మీద వేలుంచింది.

"ఈ పొద్దు నేను చెవి పెట్టి ఇంటా. నువ్వు పట్టుకో."

ఓబిలేష్ తడి బండల మీద నిలబడి తీగల వంక చూశాడు. తర్వాత గడప బయట తన చెప్పులు ఎక్కడున్నాయా అని చూశాడు.