ఇష్టాల పాఠం

పద్మప్రియ వేరుశనగ బుడ్డలు ఒలుస్తూ ఇంగ్లీషు వాక్యాలు చెబుతుంటే నేను కుర్చీలో కూర్చుని దిద్దుతున్నాను. కళాశాలలో ఇంగ్లీషు బోధించి రిటైరైన నాకు, కోడలి చేతులు ఖాళీగా లేవన్న సంగతి పాఠానికి ఆటంకంగా తోచలేదు.

అది 2003 వేసవి. జీన్సు కుట్టించే కంపెనీ ఒకటి సూపర్‌వైజరు ఉద్యోగానికి ఆమెను ఇంటర్వ్యూకు పిలిచింది. ఆఫీసు ఇక్కడే, అనంతపురంలో. కుట్టే యూనిట్ రాయదుర్గంలో, పక్కనే ఆడవాళ్ల హాస్టలు. ఎక్కడ పనిచేయడం ఇష్టమని తప్పక అడుగుతారు. "ఇంటి దగ్గరే కావల్లని చెప్పు. నువ్వు ఆడికి పోతే ఈడెవరుండారు మాకు?" అని నా కొడుకు సురేంద్ర పొద్దున బయలుదేరుతూ జవాబు కూడా ఇచ్చి వెళ్లాడు.

మొదట గతంలోని అలవాట్లు చెప్పమన్నాను. ‘యూజ్డ్ టు’ పెట్టి తడుముకోకుండా చెప్పింది: గుత్తిలో స్నేహితురాళ్లతో కోట ఎక్కేదాన్ని. కాలేజీ జట్టులో బాల్ బ్యాడ్మింటన్ ఆడేదాన్ని. ఆదివారాలు ఆలస్యంగా లేచేదాన్ని. క్రియలు సరిచూస్తూ పోయిన నాకు, ఆ అలవాట్లన్నీ ఆమె మా ఇంటికి వచ్చిన ఏడాదే ఆగిపోయాయని చాలాసేపటికి గాని తట్టలేదు. ప్రతి ఫలితానికీ కారణం వెతకమని ఏటేటా విద్యార్థులకు చెప్పినదాన్ని.

"ఇప్పుడు ‘ప్రిఫర్’తో చెప్పు. అనంతపురమా, రాయదుర్గమా?"

"మీరెట్ల చెప్తే అట్లే అత్తా."

"ఇంటర్వ్యూకు పోయేది నేను కాదు గదా. నీ మాట చెప్పు."

ఆమె చేట పక్కకు జరిపి, తప్పులేని ఇంగ్లీషులో రాయదుర్గమంది. ఎందుకని అడిగితే మాత్రం తెలుగులోకి దిగింది.

"ఆడైతే నేను అన్నం తిన్న తట్ట ఒకటే కడుక్కుంటా."

నిందించినా బాగుండేది. వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

సాయంత్రం సురేంద్ర చెప్పులు విడుస్తూనే అడిగాడు. "ఏం మా, నేర్పినావా జవాబు?"

"రాయదుర్గం అంటాది. దిద్దేకి అందులో తప్పేం లేదు."

"అట్లంటే ఎట్ల మా? ఇంట్లో వంటెవరు చేస్తారు?"

వంటగదిలో గరిటె చప్పుడు ఆగింది. వాడి మీద కోపగించుకునే అర్హత నాకు లేదు. పద్మప్రియ రాయదుర్గమన్న క్షణంలో నా నోటిదాకా వచ్చిన ప్రశ్న అదే, అక్షరం పొల్లుపోకుండా. నేను మింగాను, వాడు అడిగాడు. మా ఇద్దరికీ అంతే తేడా.

"నువ్వూ నేనూ," అన్నాను. "ఆయమ్మి పోయినంక కాదు, రేపట్నుంచే."