దిగేవాళ్ళు దిగండి

డెమో అమ్మాయి రోజూ ఏడింటికి లేచి, వంటగది కిటికీ పక్కనున్న ఇస్త్రీ బల్ల దగ్గరికి వెళ్ళి, "కాస్త జరుగమ్మా" అని, కింది అరలోంచి తన సంచీ తీసుకుంటుంది. అమ్మ జరుగుతుంది. వేడెక్కిన నూలుబట్ట, గంజి, చిలకరించిన నీళ్ళు, ఎక్కడో ఒక మూల మాడిన కాలరు, ఆ వాసనంతా కిటికీ వైపు జానెడు తప్పుకుంటుంది. అమ్మ పోయి ఆరేళ్ళయింది. ముప్ఫై ఏళ్ళు ఆ బల్ల దగ్గరే నిలబడి వీధిలో అందరి చొక్కాలూ ఇస్త్రీ చేసిన మనిషి, పోయాక మాత్రం ఇంకెక్కడుంటుంది?

ఆ ఊళ్ళో పోయినవాళ్ళంతా అంతే. బతికినన్నాళ్ళూ ఎక్కడ ఎక్కువసేపు గడిపారో అక్కడే వాసనై ఉండిపోతారు. అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు నీళ్ళొస్తాయా అని అడిగాక, "ఇంట్లో ఎవరున్నారు?" అని కూడా అడుగుతారు. "వెనక తలుపు దగ్గర ఒక గుమాస్తా గారు. సిరా, పొడుం. ఎవరి జోలికీ రారు," అంటాడు ఇంటాయన. మెట్ల కింద పెద్దాయన ఉన్న ఇంట్లో పిల్లలు బూట్లు ఇంకోచోట విప్పుతారు. అంతకుమించి ఎవరూ పట్టించుకోరు.

నాన్న రిటైరైన బస్సు కండక్టరు. టీ కాస్తూ ఇస్త్రీ బల్లతో మాట్లాడుతుంటాడు. ఆ ఉదయం కూతురివైపు తిరిగాడు.

"ఇవాళైనా నీ టార్గెట్ అవుతుందా అమ్మలూ?"

"శుక్రవారంలోగా ఒక్క అపార్ట్‌మెంట్ మొత్తం ఒప్పుకుంటే చాలు, పర్మినెంట్ చేస్తారు నాన్నా. లేదంటే ఇంటికే."

"మూడేళ్ళుగా ట్రైనీవే కదే! నేను అంతసేపు బస్సాపితే జనం నన్ను దించేసి వాళ్ళే నడుపుకునేవాళ్ళు."

ఆమె నవ్వి సంచీ భుజాన వేసుకుంది. అది నాన్న ఉద్యోగంలో వాడిన తోలుసంచీ. కంపెనీ ఇచ్చిన ప్లాస్టిక్ బ్యాగు పట్టీ రెండో నెలలోనే ఊడింది. లోపల నాలుగు "తేటగాలి" స్ప్రే సీసాలు, ట్రైనింగ్ పుస్తకం, తెల్లగుడ్డల కట్ట, జిప్ కవర్లు, చీటీల పుస్తకం. ఇంట్లో పోయినవాళ్ళున్న చోట రెండుసార్లు చల్లాలి. అరవై లెక్కపెట్టాలి. తెల్లగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను జిప్ కవర్లో పెట్టి, ఏ ఇల్లు, ఏ చోటు, ఎవరు అని చీటీ రాసి అంటించాలి. రాసినదాని నకలు పుస్తకంలో మిగులుతుంది. మర్నాడు ఉదయం కవర్లన్నీ ఆఫీసు కౌంటర్లో ఇచ్చేయాలి. "క్వాలిటీ కోసం" అన్నారు. ఆమె అడగలేదు. ఉద్యోగం కావలసినవాళ్ళకు ప్రశ్నలు ఖరీదైన అలవాటు.

తేటగాలి ప్రకటన టీవీలో రోజూ వచ్చేది. చుట్టాలొస్తారు, గుమ్మంలోనే ముక్కు ముడుస్తారు, ఇంటావిడ తల దించుకుంటుంది. "మీ ఇంట్లో ఇంకా పాతవాళ్ళేనా?" అని తియ్యటి గొంతు అడుగుతుంది. అంతవరకూ ఆ ఊళ్ళో ఎవరికీ తమ ఇంటి వాసన చూసి సిగ్గుపడాలని తోచలేదు. కంపెనీ ముందు ఆ సిగ్గును తయారుచేసి ఇంటింటికీ ఉచితంగా పంచింది. సీసాకు మాత్రం ధర పెట్టింది.

ఆ రోజు వెళ్ళిన అపార్ట్‌మెంట్ పై అంతస్తులో రిటైరైన టీచరమ్మ ఉంటుంది. కింది మూడంతస్తుల ఆడవాళ్ళూ ఆమె ఏది కొంటే అదే కొంటారు. ఆమె భర్త అచ్చాఫీసులో అక్షరాలు కూర్చిన మనిషి. ఇప్పుడు పుస్తకాల బీరువా పక్కన సిరాగా, కిరసనాయిలుగా ఉన్నాడు.

"చెడు వాసన మాత్రమే పోతుంది టీచర్ గారూ," అని డెమో అమ్మాయి పుస్తకంలో మూడో పేజీ అప్పజెప్పింది. "మనవాళ్ళు ఎక్కడికీ పోరు. ఒక్కరోజు సర్దుకుని మళ్ళీ వచ్చేస్తారు."

టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుని సీసా వెనక్కి తిప్పింది. "ఇందులో ఏముందో చదువు."

"నీళ్ళు, సువాసన ద్రవ్యం…"

"సువాసన ద్రవ్యం అంటే?"

"అది కంపెనీ రహస్యం అండీ."

"బాగుంది! మా ఇంట్లో ఏ మూల ఎవరున్నారో నువ్వు చీటీ రాసుకుపోతావు. నీ సీసాలో ఏముందో మాత్రం నాకు చెప్పవు."

డెమో అమ్మాయి పుస్తకంలో నాలుగో పేజీ తిప్పింది.

"మీ ఇంట్లో ఎవరున్నారు?"

"అమ్మ."

"చల్లావా?"

 డెమో అమ్మాయిలెవరూ సీసా ఇంట్లో విప్పరు. ఎందుకని ఒకరినొకరు అడుక్కోరు కూడా.

"ముందు మీ అమ్మ దగ్గర చల్లు. తిరిగొచ్చిందని నువ్వు నా మొహం చూసి చెబితే చాలు, నమ్ముతాను. అందరిచేతా నేనే కొనిపిస్తాను. వెళ్ళిరా అమ్మా."

ఆ సాయంత్రం నాన్న క్షవరానికి వెళ్ళాడు. డెమో అమ్మాయి సీసా పట్టుకుని ఇస్త్రీ బల్ల ముందు నిలబడింది. ఆ మూడో పేజీ ఎన్ని వందల గుమ్మాల్లో చెప్పిందో! అది అబద్ధమైతే తానేమిటో ఆలోచించడం కంటే, నిజమని నమ్మడం సులువు. "ఒక్కరోజేనమ్మా," అంది. చల్లింది.

తర్వాత పని చేతులే చేశాయి. అరవై లెక్కపెట్టింది. తెల్లగుడ్డతో బల్ల తుడిచింది. గుడ్డను కవర్లో పెట్టింది. చీటీ రాసి అంటించింది. కవరును సంచీలో పడేసింది. చెయ్యి మూడేళ్ళుగా నేర్చుకున్న పనికి ఇది ఎవరి ఇల్లో తెలియలేదు.

నాన్న వచ్చి నున్నటి గడ్డం తడుముకుంటూ, చూపించుకోవడానికన్నట్టు వంటగదిలోకి వెళ్ళాడు. అక్కడే ఆగిపోయాడు.

"మీ అమ్మ ఏదే?"

"వస్తుందిలే నాన్నా. రేపటికి."

"ఎక్కడికి వెళ్ళింది? ఎప్పుడూ వెళ్ళదే!"

మర్నాడు ఉదయం ఆమె ఆఫీసు కౌంటర్లో కవర్లన్నీ ఇచ్చి, డెమోలకు వెళ్ళి, సాయంత్రం ఇంటికొచ్చింది. బల్ల దగ్గర కడిగిన గాజుగ్లాసు లాంటి ఖాళీ. నాన్న అన్నం ముట్టలేదు. ఆ మరునాడు కూడా ఖాళీయే. నాన్న కుర్చీ తెచ్చుకుని బల్ల ఎదురుగా, బస్సు రాని స్టాపులో కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఆమె చీటీల పుస్తకం తీసి ఇంకా ఎన్ని ఖాళీ చీటీలు మిగిలాయో చూసుకుంటుంటే, వెనక పేజీలో తన రాతే కనబడింది.

సొంత ఇల్లు. వంటగది కిటికీ పక్క. అమ్మ.

ఆఫీసుకు పరుగెత్తింది. సూపర్‌వైజరు ఏ వాసనా లేని మనిషి. ఆయన గదిలోకి వెళితే ఎవరూ లేరనుకుని వెనక్కి తిరిగేవాళ్ళు కూడా ఉన్నారు.

"నా కవరు ఒకటి పొరపాటున వచ్చింది సార్. తిరిగివ్వండి."

"అయ్యో, ల్యాబుకి వెళ్ళిపోయిందమ్మా. గుడ్డ ఉడికించి వాసన పిండేశారు."

"క్వాలిటీ కోసమన్నారు కదా సార్!"

"క్వాలిటీయే మరి! ఇంత మంచి క్వాలిటీ సరుకు ల్యాబులో పుట్టదుగా." ఆయన సొరుగులోంచి వేలెడు సీసా తీశాడు. "వచ్చే నెల కొత్త రకాలు వస్తున్నాయి. పేరు 'మనవాళ్ళు'. తాతయ్య, పంతులుగారు, నిన్నటి నుంచి ఇస్త్రీ అమ్మ. పైవాళ్ళకు తెగ నచ్చేసింది. ఇళ్ళు ఎంత బోసిగా ఉన్నాయో నీకు తెలియదా? జనానికి కావాలమ్మా!"

"ఆ ఇళ్ళు బోసిపోయింది మనవల్లే కదా సార్."

"అందుకే ముందు మనకే తెలిసింది," అన్నాడాయన, ఏ తప్పూ లేనివాడిలా. "ఈ సీసా నీకు ఉచితం. పర్మినెంట్ కాగితం కూడా రేపు తీసుకో."

ముందు మన ఇంట్లోంచి ఎత్తుకెళ్ళి, తర్వాత మన ఇంటికే సువాసనగా అమ్మడం! దీన్ని దొంగతనం అనడానికి ఆ ఆఫీసులో ఒక్క నోరూ లేవలేదు. దీనికి అక్కడ పెట్టుకున్న పేరు మార్కెటింగ్.

ఆమె సీసా తీసుకుంది. కాగితం కోసం మళ్ళీ వెళ్ళలేదు.

ఇంటికొచ్చి ఇస్త్రీ బల్ల దగ్గర చల్లింది. వేడి నూలు వచ్చింది. గంజి వచ్చింది. మాడిన కాలరు కూడా వచ్చింది. వాటి మీద, పెద్ద హోటల్ వరండాలో ఉండేలాంటి తీపి ఒకటి పల్చగా పరుచుకుంది. నాన్న కుర్చీలోంచి గబుక్కున లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. విప్పి ఉన్న చొక్కా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఎవరమ్మా ఈవిడ?"

"అమ్మే నాన్నా."

"అచ్చం మీ అమ్మలాగే ఉంది." ఆయన గొంతు తగ్గించాడు. "కానీ నన్ను ఎరగదు. ఎవరొచ్చినా ఇలాగే నవ్వుతుంది."

మూడు గంటల తర్వాత ఆ కొత్త ఆవిడ వెళ్ళిపోయింది. వెళ్ళేదాకా నాన్న పరాయి ఇంట్లో ఉన్నట్టు గోడకు ఆనుకునే ఉన్నాడు.

డెమో అమ్మాయి నేలమీద కూలబడి అంతా చెప్పింది. గుడ్డ, చీటీ, ల్యాబు, అన్నీ. నాన్న తిట్టలేదు. గుమ్మంలో పడేసిన తోలుసంచీని, దారికి అడ్డమని కాబోలు, ఎత్తబోయాడు. ఎత్తినవాడు దాన్ని ముఖానికి దగ్గరగా తీసుకున్నాడు. మూత తెరిచి లోపలికి తల వంచాడు. 

"అమ్మలూ, ఇందులో జనం కిక్కిరిసి ఉన్నారే!"

"ఎవరు నాన్నా?"

"ఫుట్‌బోర్డు మీద పొగాకు ముసలాయన. ఆయన వెనక ఆసుపత్రి సబ్బుతో ఒకావిడ. ఎవరో చంటిపిల్ల, పాలు కక్కుకుంది." జిప్ కవర్లు సరిగా మూసుకునేవి కావు. తోలేమో తన దగ్గరికి వచ్చినదాన్ని వదిలేది కాదు. నాన్న సంచీలోకి ఇంకా వంగాడు. "వెనక సీట్లో, కిటికీ పక్కన, మీ అమ్మ. నన్ను చూసింది."

మర్నాడు ఉదయం నాన్న చీటీల పుస్తకం చేతిలోకి తీసుకుని మొదటి నకలు నుంచి చదివాడు. పాత రూటు చూసుకున్నట్టు తలాడించి, "పద," అన్నాడు.

ముందు టీచరమ్మ ఇంటికి వెళ్ళారు. "చల్లాను. అమ్మ పోయింది," అంది డెమో అమ్మాయి, ఆమె మొహం చూసే. టీచరమ్మ కాసేపు కళ్ళజోడు తుడుచుకుంది. "నేనే చల్లమన్నాను," అంది. తర్వాత చెప్పులేసుకుని, ప్రతి అంతస్తులోనూ తలుపు కొట్టి చెప్పుకుంటూ దిగింది. ఆ అపార్ట్‌మెంట్‌లో ఎవరూ కొనలేదు.

ఒకసారి వెళ్ళిన వీధికి మళ్ళీ వెళ్ళకూడదన్నది కంపెనీ రూలు. నడక తగ్గించే దయ అని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది. అసలు సంగతి మొదటి గుమ్మంలోనే తెలిసింది.

"మళ్ళీ ఏం అంటగట్టడానికొచ్చావే?" అంది ఆ ఇంటావిడ. "మా మామగారు తిరిగి రాలేదని ఫోన్ చేస్తే ఇంకో సీసా వాడి చూడమన్నారు!"

"ఏమీ అంటగట్టనండీ. ఆయన్ని తీసుకెళ్ళింది నేనే. ఒక్కసారి తలుపు తెరిచి ఉంచండి."

నాన్న సంచీ మూత తీసి గడప దగ్గర పట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళ నాటి గొంతు బయటికి వచ్చింది.

"మెట్ల కింద పెద్దాయనా! మీ స్టాపొచ్చింది. దిగేవాళ్ళు దిగండి!"

పొగాకు, సైకిలు నూనె. సన్నగా, తడబడుతూ గడప దాటాయి. ఆవిడ తిట్టు సగంలో ఆపి, మెట్ల కిందికి వంగి, పిల్లల బూట్లు తీసి వేరే చోట పెట్టింది. తర్వాత కిందిమెట్టు మీదే కూర్చుండిపోయింది.

అలా పదిహేను రోజులు తిరిగారు. కొన్ని తలుపులు తెరుచుకోలేదు. ఒకచోట డెమో అమ్మాయి చెంప పగిలింది. నాన్న అడ్డుపడలేదు, ఆమె కూడా వద్దనలేదు. ఇంకోచోట ఒకావిడ గడపకు చెయ్యి అడ్డం పెట్టింది. "మా ఆయన్ని దించొద్దు బాబాయి గారూ. బతికుండగా పడ్డది చాలు." నాన్న మూత వేసేశాడు. ఆ మనిషి సారావాసన సంచీ అడుగున ముడుచుకుని కూర్చుంది.

చివరికి మిగిలిన నకలు వాళ్ళ ఇంటిదే. సాయంత్రపు ఎండ ఇస్త్రీ బల్ల మీద పడుతోంది. నాన్న ఆ రోజు కూడా గడ్డం గీయించుకుని వచ్చాడు. సంచీని బల్ల మీద పెట్టి మూత తెరిచాడు.

"వంటగది కిటికీ పక్క," అన్నాడు. "దిగేవాళ్ళు దిగండి."

ఎవరూ దిగలేదు.

"నీ స్టాపేనే," అన్నాడు నెమ్మదిగా. సంచీలో అమ్మ ఉంది. వేడి నూలు, గంజి, కూతురికి కూడా తెలుస్తోంది ఇప్పుడు. ఆ వాసన మూతదాకా వచ్చింది. బల్లను చూసినట్టుగా ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి కిటికీ పక్క సీట్లో కూర్చుంది.

"తెల్లగుడ్డతో తీసి ఇక్కడ పెట్టనా నాన్నా?"

"ఆ గుడ్డ జోలికి పోకు!" ఆయన ఆమె మీద అరిచిన సందర్భం అదొక్కటే. తర్వాత బల్ల చెక్కను, ఇస్త్రీ పెట్టె ఆనీ ఆనీ నల్లబడిన చోట, వేలితో రాస్తూ ఉండిపోయాడు. "నేను ముప్ఫై ఏళ్ళు ఊరంతా తిరిగాను. ఆవిడ ఇక్కడే నిలబడింది. ఒక్కసారైనా బస్సెక్కుతావా అని అడగలేదు నేను. ఇంత దూరం వచ్చాక దిగమనడానికి నాకేం హక్కుంది?"

మూత వేశాడు. గాలి ఆడేటట్టు, కాస్త వదులుగానే.

మర్నాడు ఏడింటికి డెమో అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్ళి "కాస్త జరుగమ్మా" అంది. జరగడానికి అక్కడ ఎవరూ లేరు. వెనకనుంచి నాన్న వచ్చి, పెట్టె వేడి చేసి, జీవితంలో మొదటిసారి తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకోసాగాడు. తాను పోయాక ఎక్కడుండాలో ఇప్పటినుంచే నేర్చుకుంటున్నట్టు, చాలా నిదానంగా.

పై వీధిలో కంపెనీ కొత్త అమ్మాయిలు తెల్లగుడ్డలతో దిగారని టీచరమ్మ కబురు పంపింది. వాళ్ళకంటే ముందు ప్రతి గుమ్మం దగ్గరా నిలబడి, సంచీ మూత తెరిచి, ఆ గుడ్డలు ఎత్తుకెళ్ళేది ఎవరినో వాసన చూడండి అని చెప్పాలి. ఏం అమ్ముతున్నావని అడుగుతారు. చెంప పగలగొట్టినా పగలగొడతారు.

ఆమె సంచీ భుజాన వేసుకుని వీధిలోకి నడిచింది. కిటికీ వైపు కూర్చున్నవాళ్ళకు కనబడాలని రోడ్డు పక్కగా నడిచింది. తోలు ఆనిన చోట భుజం, అప్పుడే ఇస్త్రీ పెట్టె ఎత్తిన చొక్కాలా, వెచ్చగా ఉంది.