కాళ్లు చాచే ఉండె

"ముడి నువ్వే ఎయ్యాలె అత్తమ్మా. నేనేస్తే రెండు దినాలకే ఊడుతది," అంటూ అఖిల చెట్టు బెరడును గాజుపెట్టెలో నిలబెట్టి పట్టుకున్నది. లీలమ్మ నూలుపోగును రెండు చుట్లు తిప్పి, బొటనవేలితో నొక్కి, ఒక్క గుంజుడుతో బిగించింది. తెగిన దారాలను నలభై ఏళ్లు అతికిన వేళ్లు అవి. చూడకుండానే ముడి పడుతుంది. కోడలు బెరడును అటూ ఇటూ కదిలించి చూసి, "గిదీ ముడి అంటే," అన్నది. ఆ మెచ్చుకోలు లీలమ్మ గొంతులో ముల్లులా దిగింది.

పెట్టె అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. భువనగిరి బస్టాండు దగ్గర చేపల తొట్లు చేసే అతనికి చెప్పి అఖిల చేయించుకున్నది. ముందువైపు తలుపు, రెండు పక్కలా గాలి ఆడటానికి వరసగా సన్న రంధ్రాలు. "తొట్టి అంటే పొడుగ్గ పండుకోబెడుతం గని, గిట్ల నిలబెట్టుడేంది మేడం," అని ఆయన నవ్వాడట. "ఇది నేల మీద బతికేది కాదన్నా, చెట్టెక్కి బతికే సాలీడు. దీనికి వెడల్పు కన్న ఎత్తు కావాలె," అని అఖిల చెప్పి వచ్చింది. అడుగున తడిపిన కొబ్బరిపొట్టు రెండు వేళ్ల మందాన పరిచారు. ఒక మూలన సీసా మూతంత నీళ్ల గిన్నె పెట్టారు. వల అల్లుకోవడానికి ఆసరాగా నాలుగు ప్లాస్టిక్ ఆకులు బెరడుకు కట్టారు. బెరడు అచ్చంపేట నుంచి అఖిల వాళ్ల నాయిన పంపాడు. దాన్ని ఉడకబెట్టి, మూడు రోజులు ఎండలో పెట్టే పని లీలమ్మే తన మీద వేసుకున్నది. ముందు చేతికి దొరికింది, పోయిన పెనిమిటి రాజం నూలుకు రంగులు కాచిన పెద్ద గిన్నె. అందులో ఎంత తోమినా రంగు ఉండే ఉంటుందని దాన్ని పక్కకు నెట్టి, తన నీళ్ల బగోనె తీసింది. ఈసారి తన చేతి వల్ల ఏ పొరపాటూ జరగకూడదు.

పెట్టె పక్కన చిన్న డబ్బాలో ఆ సాలీడు కూర్చుని ఉంది. చింతగింజంత ఒళ్లు, చుట్టూ నూగు కాళ్లు. హైదరాబాద్‌లో ఇలాంటివి పెంచే ఒకాయన దగ్గర తెచ్చింది. ఇంతకుముందు పెంచి, పోయినదాన్నీ అఖిల ఆయన దగ్గరే తెచ్చింది, ఇంతే ఉన్నప్పుడు.

పోయినది అని అఖిల అంటుంది. లీలమ్మకు ఆ మాట నోట రాదు. అది ఎట్లా పోయిందో ఆమెకు తెలుసు.

వాళ్లు కూర్చున్న ఆ గది ఒకప్పటి మగ్గం గది. రాజం బతికున్నన్నాళ్లు అక్కడ మగ్గం ఆయనది, గోడ గూట్లో ఉన్న రంగు నూలు ఆయనది, నలుగురూ మెచ్చిన చీర ఆయనది. లీలమ్మది ఆసు. అర్ధచంద్రంలా మేకులు దిగ్గొట్టిన చట్రం ముందు కూర్చుని, ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి చాచి, వెనక్కి తీసి దారం పొయ్యాలి. కుడి భుజం అక్కడే అరిగిపోయింది. చీర చూడటానికి వచ్చినవాళ్లు "మీరు గూడ చేస్తరా అమ్మా?" అని అడిగితే, జవాబు రాజమే చెప్పేవాడు. "ఆమె ఏం జేస్తది, కూసొని దారం తిప్పుతది." ఆయన చెడ్డవాడు కాదు. నిజమనుకునే అన్నాడు. ఆయన పోయి, మగ్గం తీసేసి, దాని గుంట పూడ్చి సిమెంటు చేయించాక కూడా ఆ గూడు ఖాళీగానే ఉన్నది. అందులో తన వస్తువు ఒకటి పెట్టుకోవచ్చని లీలమ్మకు తోచనే లేదు. కోడలై వచ్చిన ఆరు నెలలకు అఖిల అడిగేసింది. "గా గూడు నేను తీసుకుంట అత్తమ్మా. నాదొకటి పెట్టుకోవాలె." నాదొకటి అన్న మాట లీలమ్మ చెవిలో చాలా రోజులు తిరిగింది.

అట్లా వచ్చింది మొదటి సాలీడు, పొడుగాటి గాజు సీసాలో. అఖిల సర్కారు బడిలో పిల్లలకు జీవశాస్త్రం చెబుతుంది. "మా ఇంటిది రేపు పామును గూడ తెస్తది," అని లీలమ్మ కొడుకు శ్రవణ్‌కుమార్ వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వించేవాడు. అఖిల పట్టించుకోలేదు. రెండేళ్లలో అది అరచేయంత అయింది. నల్లటి కాళ్లు, కొసలు మాత్రం గోరింటాకు పెట్టినట్టు. సాయంత్రాలు అదే గదిలో, బియ్యం కడిగి పెట్టి వచ్చాక, అఖిల అత్తకు పలక పట్టించింది. అరవై దగ్గర పడ్డాక లీలమ్మకు అక్షరాలు వచ్చాయి. సీసాకు అంటించిన అట్టముక్క మీద కోడలు రాసిన మాటలే ఆమె మొదట చదివినవి. నీళ్లు చల్లిన. తిన్నది. తినలేదు.

పోయిన బతుకమ్మకు ముందు అఖిల శిక్షణ అని నాలుగు రోజులు నల్లగొండకు పోయింది. లీలమ్మ బిడ్డ మనీష, అల్లుడు, పిల్లలు పండక్కి వచ్చేది ఉన్నది. "అక్క వచ్చేటాలకు గా పురుగు సంగతి చూడమ్మా. బావ ముందల ఇజ్జత్ పోతది," అని కొడుకు బూట్ల లేసులు కట్టుకుంటూ అన్నాడు. చూడమంటే ఏం చూడాలో చెప్పలేదు. లీలమ్మ కొంగు బిగించి బూజు కర్ర పట్టుకున్నది. వంటిల్లు అయింది, నడిమిల్లు అయింది, మగ్గం గదికి వచ్చింది.

సీసాలో వల ఎన్నడూ లేనంత దట్టంగా, మూతి దాకా అల్లి ఉన్నది. ఆ వల మీద మంచం మీద పడుకున్నట్టు సాలీడు వెల్లకిలా పడి ఉన్నది. ఎనిమిది కాళ్లూ చాచుకుని ఉన్నది. లీలమ్మ గోటితో సీసా మీద కొట్టింది. ఒక కాలు కదిలింది. నిద్రలో ఉన్న మనిషి వేలు కదిలినట్టు, అంతే. ఆమె చూసింది. చూసి, గోటి దెబ్బ అదురుకు కదిలి ఉంటదిలే అనుకున్నది.

ఎందుకు అట్లా అనుకున్నదో తర్వాత ఆమె ఎన్నోసార్లు తవ్వుకున్నది. ఒక్క కొడుకు మాట కోసమే కాదు. ఇల్లంతా తన చేతుల మీద తిరుగుతుంటే అది వెల్లకిలా పడుకుని ఉండటం ఆమెకు కంటగింపైంది. ఆదివారం మధ్యాహ్నం అఖిల పుస్తకం ఛాతీ మీద పెట్టుకుని పడుకున్నప్పుడూ అంతే. లీలమ్మ వంటింట్లో గిన్నెలు కావాలనే చప్పుడు చేసేది. మనీష పుట్టిన తొమ్మిదో రోజు తాను జ్వరంతో చాప మీద ఉంటే, తన అత్త గడపలో నిలబడి, "ఇంకెన్ని దినాలు పండుకుంటవ్? ఆడ ఆసు ఖాళీగున్నది," అన్నది. లీలమ్మ లేచి వెళ్లి ఆసు ముందు కూర్చున్నది. ఆ రోజు లేచిన మనిషి మళ్లీ పగటిపూట నడుం వాల్చలేదు. తనను పడుకోనివ్వని ఇంట్లో ఇంకెవరు పడుకున్నా ఆమె ఓర్వలేకపోయింది. ఓర్వలేనితనం అని ఆమె దానికి పేరు పెట్టింది గానీ, పేరు పెట్టినంత మాత్రాన బరువు తగ్గలేదు.

కర్ర కొసతో వలను చుట్టి, సాలీడుతో సహా బయటికి లాగి, చెత్తతో కలిపి ఇంటి వెనక మురుగు మోరీలో వేసింది. సీసాను సబ్బుతో కడిగి ఎండకు పెట్టింది. గూడు ఖాళీ అయింది. అప్పుడు ఆమెకు సంతోషమే అయింది. దాచడానికి లేదు.

అఖిల వచ్చి సంచి కింద పెట్టకముందే గూడు వైపు చూసింది. "చచ్చిపోయింది బిడ్డా," అన్నది లీలమ్మ.

"వెల్లకిల పడ్డదా?"

"ఆఁ."

అఖిల గొంతు సన్నబడింది. "కాళ్లు చాచి ఉన్నయా, ముడుసుకున్నయా?"

ఏ జవాబు చెబితే ఇంట్లో గొడవ లేకుండా ఉంటుందో, అడిగే గొంతును బట్టి పసిగట్టడం లీలమ్మకు నలభై ఏళ్ల అలవాటు. "ముడుసుకున్నయి," అన్నది.

కోడలు ఊపిరి వదిలింది. "అయితే పోయినట్టే. చాచి ఉంటే కుబుసం విడుస్తున్నట్టు. అట్లనే ఒక పూట పండుకుంటది, పాత తోలు ఇడిసి లేస్తది. ముట్టుకోవద్దు అప్పుడు." కళ్లు తుడుచుకుని, మళ్లీ ఆమే అత్త చెయ్యి పట్టుకున్నది. "నువ్వొక్కదానివే చూసి భయపడ్డవేమో గదా." అట్టముక్క చేతికిచ్చి, "నువ్వు రాయి అత్తమ్మా. నాకు చెయ్యి వస్తలేదు," అన్నది. లీలమ్మ రాసింది. చచ్చి పోయింది. ఎవరూ రాసివ్వకుండా, చూసి దిద్దకుండా, ఆమె తనంతట తాను రాసిన మొదటి మాట అది. అది అబద్ధం.

"మొన్నటిది నీ చేతులనే పాయె గదా అమ్మా. ఇదెన్ని దినాలుంటదో," అన్నాడు ఇప్పుడు శ్రవణ్‌కుమార్, టవల్ భుజాన వేసుకుని పోతూ గదిలోకి తొంగి చూసి.

"అది దానంతట అదే పోయింది. అత్తమ్మ ఏం జేసింది?" అన్నది అఖిల చురుగ్గా. అతను నవ్వుకుంటూ స్నానానికి పోయాడు. "అత్తమ్మా, రేపటి నుంచి పది దినాలు నాకు పేపర్లు దిద్దే డ్యూటీ. నల్లగొండలనే మా మేడం ఇంట్ల ఉంట. ఇది నాలుగు దినాల సంది తింటలేదు, పొట్ట నల్లబడ్డది. తొందర్లనే కుబుసం ఇడుస్తదేమో. నువ్వున్నవని నాకు ఫికర్ లేదు." కొత్త అట్టముక్క, పెన్ను ఆమె ముందు పెట్టింది. "మొదటి మాట నువ్వే రాయి."

లీలమ్మ పెన్ను పట్టుకున్నది. ఈ ఇంట్లో ఆమెను కూర్చోబెట్టి, వేలు పట్టి, తప్పు దిద్ది, మళ్లీ రాయమన్న మనిషి ఈ పిల్ల ఒక్కతే. చెబితే రేపటి నుంచి ఆ కళ్లలో ఈ నమ్మకం ఉండదు. చెప్పకపోతే పది రోజులు ఈ పెట్టె ముందు దొంగలా నీళ్లు చల్లుకోవాలి.

"పాత అట్ట ఉన్నదా బిడ్డా?"

అఖిల తన పుస్తకంలోంచి తీసిచ్చింది. దాచిపెట్టుకున్నది. అన్నింటి కిందా లీలమ్మ వంకర అక్షరాలు. దాని కిందనే ఆమె రాయడం మొదలుపెట్టింది. ళ్లు దగ్గర చెయ్యి ఆగింది. కొట్టేయలేదు, మళ్లీ దిద్దింది. కాళ్లు చాచే ఉండె. నేనే పారేసిన.

అఖిల దాన్ని పిల్లల పేపరు చదివినట్టు రెండుసార్లు చదివింది.

"కదిలిందా?"

"ఒక కాలు కదిలింది. నేను చూసిన."

అఖిల లేచి వెళ్లి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నది. నీళ్ల చప్పుడు ఎంతకూ ఆగలేదు. తిరిగి వచ్చి, అత్త వైపు చూడకుండా, చిన్న డబ్బా మూత తీసి పెట్టెలో పెట్టింది. సాలీడు ఆలోచించుకుంటున్నట్టు కొంతసేపు ఉండి, ఒక్కో కాలు ఎత్తి వేస్తూ బెరడు ఎక్కింది. పైన ఆకు వెనక్కి పోయి కనబడకుండా ఆగింది. అఖిల తలుపు మూసి, పెట్టెను గూట్లో పెట్టింది.

"దినాం మధ్యాహ్నం ఫోన్ జేస్త. నువ్వు ఏం జూసినవో అదే చెప్పాలె."

"అదే చెప్త."

పొద్దున పోయేటప్పుడు రోజూలా 'పోయొస్త అత్తమ్మా' అనలేదు, ఉత్త 'పోయొస్త' అన్నది.

ఐదు రోజులు లీలమ్మ చూసింది చూసినట్టే చెప్పింది. కనబడలేదు అంటే కనబడలేదనే. ఆరో రోజు ఆదివారం. పన్నెండు కాకముందు బెరడు పైన, ఆకుల నడుమ సాలీడు కొత్తగా వలను పందిరిలా అల్లుకున్నది. దాని మీద వెల్లకిలా పడుకున్నది. లీలమ్మ గోటితో కొట్టలేదు. ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ తానే ఫోన్ చేసింది.

"కాళ్లు?" అన్నది అఖిల.

"చాచి ఉన్నయి బిడ్డా. ఎనిమిదీ చాచి ఉన్నయి."

"ఎవ్వరినీ ముట్టనియ్యకు అత్తమ్మా," అన్నది అఖిల.

లీలమ్మ చాప తెచ్చి గూడు కింద పరుచుకుని కూర్చున్నది. మోరీలో వేసినది లేచి రాదు. ఈ కాళ్లను చూస్తున్నంతసేపూ ఆ కాళ్లే కనబడుతున్నాయి. పొయ్యి మీద ఏమీ లేదు. ఒంటిగంట దాటాక శ్రవణ్‌కుమార్ గడపలోకి వచ్చాడు.

"అమ్మా, అన్నం ఏది? రేపు అక్కోళ్లు వస్తరట, ఇల్లు గూడ ఊడ్వకపోతివి." పెట్టెలోకి వంగి చూశాడు. "ఇది గూడ చచ్చిందా? ఇటియ్యి, పారేసొస్త." తలుపు మీదికి చెయ్యి చాచాడు.

లీలమ్మ లేచి, కొడుకుకూ పెట్టెకూ మధ్య తన అరిగిన కుడి భుజాన్ని అడ్డం పెట్టింది.

"పండుకున్నదిరా. పండుకోనియ్యి."