బట్ట వదిలిన రంగు

మూడోసారి జాడించినా బకెట్లో నీళ్ళు నల్లగానే వచ్చాయి. అచియా వేళ్ళ మీది పగుళ్ళలోకి ఆ రంగు దిగి సన్నటి గీతలుగా నిలిచిపోయింది. సబ్బు నురుగు తగిలినప్పుడల్లా మిరపకాయ నూరి పెట్టినట్టు భగ్గుమంటోంది. ఆ బట్ట అత్తగారిది. అచియా వాళ్ళమ్మ పోయి వారాలైనా, అక్కడి ఆనవాయితీ ప్రకారం అంత్యక్రియలు ఈ శనివారం. వాటికి కట్టుకు రావాలట. "కొత్త నల్లగుడ్డ ఉతక్కుండా కడితే ఒంటికి రంగంటుకుంటుందే. రెండు నీళ్ళు పోనివ్వు," అని పొద్దున్నే మంచం మీద పడేసి వెళ్ళింది ఆవిడ. ఎవరి ఒంటికి అని అచియా అడగలేదు. ఆ ఇంట్లో అలాంటివి అడగడం ఎప్పుడో మానేసింది.

నాలుగు నెలలు అమ్మ మంచాన పడి ఉంది. పొద్దున కుమాసీ ఊరికి ఆ చివర పుట్టింట్లో అమ్మ పక్కబట్టలు, సాయంత్రం ఈ చివర అత్తింట్లో ఆరుగురి బట్టలు. చిన్నప్పుడు మోచేతి మడతల్లో ఉండి పోయిందనుకున్న ఎగ్జిమా ముందు ఉంగరం కింద చిన్న పొక్కుగా తిరిగొచ్చింది. చూస్తుండగానే రెండు చేతులూ, మెడా, మోకాళ్ళ వెనకా పాకింది. అమ్మ పోయాక దురద మరీ పిచ్చెక్కించింది. గోకితే ప్రాణం లేచొచ్చినట్టుండేది, ఆ వెంటనే రక్తం, రక్తం చూసి సిగ్గు. గోకకుండా అరచేత్తో చరుచుకునేది, తడిగుడ్డ చుట్టుకునేది, షియా వెన్న పట్టించి చేతులకు పాత మేజోళ్ళు తొడుక్కునేది. ఏడవాలన్నా భయమే, కన్నీళ్ళు జారిన చోటల్లా మంట. అమ్మ కోసం ఏడవాల్సిన ఏడుపంతా ఈ చేతుల కోసం ఖర్చయిపోతోందని కుమిలిపోయింది. తన ఒంట్లో తనే పరాయిదానిలా సర్దుకుని బతుకుతున్నట్టుండేది.

ఆసుపత్రిలో చర్మం డాక్టరమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుని, ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని చూసింది. ఎన్ని వారాలైందో ఆ చేతుల్ని మరో మనిషి పట్టుకుని. "అంటుకునేది కాదమ్మా ఇది. సబ్బు, మిరపకాయలు, వేడినీళ్ళు, వీటికి దూరంగా ఉండు," అని చీటీ రాసిచ్చింది. ఆ చీటీ చదివి భర్త అదొమాకో నవ్వాడు.

"సబ్బు ముట్టుకోవద్దని రాసింది సరే. మరి బట్టలెవరు ఉతకాలో రాసివ్వలేదా మీ డాక్టరమ్మ?"

అత్తగారికి చీటీతో పనే లేదు. ఆవిడ దృష్టిలో అది గజ్జి. ఉడికిన కర్రపెండలం దంచుతుంటే కోడలు చేత్తో తిప్పిన ఫూఫూ ముద్ద ముట్టుకోదు, కానీ ఆ ముద్ద దంచిన రోలు కోడలే కడగాలి. ఇదేం లెక్కో అచియాకు ఇన్నేళ్ళలో అంతుపట్టలేదు.

శుక్రవారం అదొమాకో గొంతు తగ్గించి, మంచిమాట చెబుతున్నట్టే చెప్పాడు. "రేపు నువ్వు మీవాళ్ళ వరసలో కూర్చోకులే. మావాళ్ళొస్తారు, ఆఫీసువాళ్ళొస్తారు. అందరికీ చెయ్యివ్వాలి కదా. వెనకాల వంటల దగ్గరుండు. గిన్నెలు కడగడానికి మనుషులు చాలడం లేదట."

అచియా సరేనంది.

శనివారం డేరా వెనక పెద్ద తొట్టి ముందు పీట వేసుకుని కూర్చుంది. నురుగులోకి చేతులు దించగానే మంట భుజం దాకా పాకింది. డేరాలోంచి మైకులో అమ్మ పేరు వినపడుతోంది. పిల్లలున్నారని చెబుతున్నారు, కూతురు అచియా అని చెబుతున్నారు. అచియా నురుగులో ఉన్న తన చేతుల్ని చూసుకుంది. ఒకరికి ఇవ్వడానికి పనికిరాని చేతులు, వందమంది తినే గిన్నెలు కడగడానికి మాత్రం పనికొచ్చాయి. కోపం వచ్చింది. అమ్మ పోయాక మొదటిసారి దురద మాట మరిచిపోయేంత కోపం. లేచి, మంచినీళ్ళతో చేతులు కడుక్కుని, డేరాలోకి నడిచింది.

అమ్మ వంశానికి పెద్దదిక్కు పెద్దమ్మ. ఆవిడ పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

"ఎక్కడున్నావే ఇప్పటిదాకా?"

"గిన్నెల దగ్గర, పెద్దమ్మా."

"నువ్వా? మీ అమ్మను సాగనంపే రోజునా?" పెద్దమ్మ పక్క కుర్చీ మీద పెట్టిన తన చేతిసంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

వచ్చినవాళ్ళు ఆ కుర్చీల వరసలో కుడి చివర మొదలుపెట్టి, ఒక్కొక్కరికీ చెయ్యి కలుపుతూ ఎడమ చివర దాకా వెళ్ళాలి. మధ్యలో ఒక్కరిని వదిలినా ఆ వంశం మొత్తాన్ని అవమానించినట్టే. మొదటి చెయ్యి తన ముందుకొచ్చినప్పుడు అచియా తన చెయ్యి చాపింది. కొందరు చూసి మెల్లగా తాకారు, కొందరు చూడనే లేదు. ఒక ముసలాయన ప్రేమగా గట్టిగా నొక్కితే పగులు విచ్చి ప్రాణం పోయినంత పనైంది. పళ్ళ బిగువున ఓర్చుకుంది.

అత్తింటివాళ్ళు గుంపుగా వచ్చారు. ముందు అత్తగారు, మూడు నీళ్ళు పోయిన నల్లబట్టలో. వెనక అదొమాకో. ఆవిడ పెద్దమ్మకు చెయ్యిచ్చింది. అచియా చాపిన చెయ్యి చూసింది. తన చెయ్యి కొంగులోకి లాక్కుని పక్క కుర్చీ వైపు తిరిగింది. వెనక వరస ఆగిపోయింది. పెద్దమ్మ కళ్ళు చిన్నవయ్యాయి.

అచియా చెయ్యి దించలేదు.

"అత్తమ్మా," అంది నెమ్మదిగా. "ఆ నల్లటిది గజ్జి కాదు. మీరు కట్టుకున్న బట్ట వదిలిన రంగు."

అత్తగారు తన బట్ట వైపు చూసుకుంది, ఆ వేళ్ళ వైపు చూసింది. డేరా అంతా చూస్తోంది. ఆవిడ చెయ్యి కొంగులోంచి బయటికొచ్చి, వేలికొసలు తాకించి వెళ్ళిపోయింది.

తర్వాత అదొమాకో. పళ్ళ మధ్య నుంచి, "ఇంటికి పద, మాట్లాడుకుందాం," అన్నాడు.

అచియా అతని చెయ్యి కూడా అందరికీ ఇచ్చినట్టే అందుకుంది.

"చేతులు మానేదాకా పెద్దమ్మ దగ్గరే ఉంటాను. బట్టలెవరు ఉతకాలో డాక్టరమ్మ రాసివ్వలేదు కదా, మీరే చూసుకోండి," అని అతని చెయ్యి వదిలి, తర్వాతి మనిషికి చెయ్యి చాపింది.