జూన్ నెల ఫోటో

పిల్లల సంక్షేమ శాఖ డైరెక్టర్ గది బయట నా బల్ల ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా ఆ బల్లా కదల్లేదు, నేనూ కదల్లేదు. లోపలి గదిలో మాత్రం తొమ్మిది మంది మారారు. ప్రతి ఒక్కరూ రాగానే గోడకి ఒక కొత్త నినాదం తగిలించేవాళ్ళు. ఎక్కడో ఒక పిల్ల చనిపోయేది, పేపర్లు గోల చేసేవి, గవర్నర్ డైరెక్టర్‌ని తీసేసి చేతులు దులుపుకునేవాడు. నినాదం దించి స్టోర్ రూమ్‌లో పడేయడం నా వంతు.

పదో మనిషి మార్వా హాల్‌స్టెడ్. నాకు నచ్చిన మొదటి డైరెక్టర్ ఆవిడే, దాచుకోవడం దేనికి. పద్దెనిమిదేళ్ళు కేసు వర్కర్‌గా ఊళ్ళు తిరిగి, కుక్కల చేత కరిపించుకుని పైకొచ్చిన మనిషి. నినాదాలేవీ తేలేదు. ఒక్క ఆర్డరు వేసింది. మన చేతిలో ఉన్న ప్రతి పిల్లనీ నెలకొకసారి కేసు వర్కర్ ఇంటికెళ్ళి కళ్ళారా చూడాలి, చూసినట్టు ఫోన్లో ఫోటో తీసి పంపాలి. ఫోటో లేకపోతే చూడనట్టే లెక్క. డెబ్భై శాతం ఏనాడూ దాటని మా రాష్ట్రం జూన్ నెలకి తొంభై ఎనిమిదికి వచ్చింది. ఆ అంకె పక్క రాష్ట్రాల వాళ్ళు కూడా అడిగి మరీ తెలుసుకున్నారు. నా ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది.

జూలై మొదటి మంగళవారం ఒంటిగంటకి సెనేట్ కమిటీ ఆవిడ పదవిని ఖాయం చేస్తూ ఓటెయ్యాలి. అంతవరకూ ఆవిడ తాత్కాలికమే. ఓటు ఓడితే ఆ నిమిషం నుంచే డిప్యూటీ గ్రోవర్ చేతికి శాఖ వెళ్తుంది. గ్రోవర్ చెడ్డవాడని అనను, భయస్తుడు. "ముందు పిల్లని తెచ్చెయ్, తర్వాత ఆలోచిద్దాం" అన్నదొక్కటే అతనికి తెలిసిన పద్ధతి. ఇంతకుముందు నాలుగు నెలలు అతను కూర్చున్నప్పుడు, పెట్టడానికి ఇళ్ళు లేక పిల్లలు మా ఆఫీసు తివాచీల మీద పడుకున్నారు. వాళ్ళకి దుప్పట్లు కొనుక్కొచ్చినదాన్ని నేనే.

కమిటీ ఛైర్మన్ పది ఫైళ్ళు పట్టుకు రమ్మన్నాడు, ఏవైనా సరే అన్నాడు. ఆ ఉదయం ఎనిమిదింటికి వాటిని సర్దుతున్నాను. ఏడో ఫైలు కోరా అనే ఏడేళ్ళ పిల్లది. తల్లి మత్తుమందుల అలవాటులో పడితే, తల్లి పిన్ని ఎర్లీన్ దగ్గర ఉంచాం, మార్లో కౌంటీలో. మే నెల ఫోటోలో పిల్ల వరండా మెట్ల మీద నిలబడి నోరంతా తెరిచి నవ్వుతోంది. పైన ముందు పళ్ళు రెండూ లేవు. జూన్ ఫోటో తిప్పాను. అదే వరండా, అదే పసుపు గౌను. నోటి నిండా చిన్న చిన్న పాలపళ్ళు, ఒక్కటీ ఊడలేదు.

నలుగురు మనవల పళ్ళు ఊడటం చూసినదాన్ని. ఊడిన పాలపళ్ళు మళ్ళీ పాలపళ్ళుగా మొలవవు.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ ఫైలు మూసి ఇంకోటి పెట్టేద్దామనుకున్నాను. ఛైర్మన్ ఏవైనా పది అన్నాడు కదా. ఒక్కరోజు ఆగితే, ఓటు అయిపోతే, రేపు తీరిగ్గా చెప్పొచ్చు. రెండు నిమిషాలు అలా కూర్చున్నాను. ఆ రెండు నిమిషాలకి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. తర్వాత లేచి లోపలికి వెళ్ళి రెండు ఫోటోలూ ఆవిడ ముందు పెట్టాను.

మార్వా చూసింది. రెండూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూసింది.

"ఇది కోరా కాదు."

"కాదు మేడం."

"మరి కోరా ఏది?"

మార్వా కేసు వర్కర్ ర్యాండల్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది. పాతికేళ్ళవాడు, ఫిబ్రవరి నుంచి ఆ పిల్లకి మారిన వర్కర్లలో మూడోవాడు. వాడి మీద ముప్ఫై నాలుగు మంది పిల్లలున్నారు.

"జూన్‌లోనే మొదటిసారి వెళ్ళాను మేడం. కోరా ఎవరంటే ఆ పెద్దావిడ చూపించింది. ఫోటో తీసుకున్నాను."

"మే నెల ఫోటో చూసి పోల్చుకోలేదా?"

"పోల్చమని ఎవరూ చెప్పలేదు మేడం. ఫోటో రాకపోతే మెమో ఇస్తామన్నారు, అంతే."

వాణ్ణి తిట్టాలనిపించింది, నోరు రాలేదు. ఫోటోలు లెక్కపెట్టడానికి రాజధానిలో ఇద్దరున్నారు. వాటిని చూడటానికి ఒక్కరూ లేరు. ఆ ఇద్దరినీ వేసింది నేనే.

మార్వా బ్యాగు తీసుకుంది. "కారు తాళాలు."

"మేడం, మార్లో వెళ్ళడానికే ముప్పావుగంట. ఒంటిగంటకి మీరు కమిటీ ముందుండాలి."

"నాలుగు గంటల టైముంది."

"ర్యాండల్‌ని పంపండి."

"వాడికి ఆ పిల్ల మొహమే తెలీదు కదా డొరీన్! మొత్తం శాఖలో ఆ పిల్ల మొహం ఇవాళ తెలిసింది మనిద్దరికే. నడు."

ఎర్లీన్ ఇంటికి పది కాకముందే చేరాం. డెబ్భై ఏళ్ళ మనిషి, జాలీ తలుపు వెనక నిలబడి కారు మీద ప్రభుత్వ ముద్ర చూసింది. తలుపు తియ్యలేదు.

"మొన్ననేగా వచ్చి వెళ్ళారు. ఈ నెల ఫోటో కూడా అప్పుడే కావాలా?"

"ఫోటో వద్దండీ. కోరాని చూస్తాం."

లోపల ముగ్గురు మగపిల్లలు, ఒక ఆడపిల్ల టీవీ ముందున్నారు. ఎర్లీన్ "కోరా, ఇటు రా" అంది. ఆ ఆడపిల్ల వచ్చింది, జూన్ ఫోటోలో పిల్లే. మార్వా మోకాళ్ళ మీద కూర్చుంది.

"పళ్ళు ఊడటం మొదలైందా తల్లీ నీకు?"

పిల్ల మొహం ముడుచుకుంది. "ఒక్కటి కూడా ఊడలేదు. మా క్లాసులో అందరికీ ఊడాయి."

ఎర్లీన్ కుర్చీలో కూలబడిపోయింది. ఆ పిల్ల పక్కింటి బెథనీ అని ఒప్పుకుంది. మార్వా ఒకే మాట అడిగింది. "పిల్ల బతికే ఉందా?"

"బతికుందా అంటావా! బంగారంలా ఉంది. దాని తల్లి దగ్గరుంది." అని ఎర్లీన్ ఒక్కసారిగా విరుచుకుపడింది. "షెల్బీ బాగుపడి తొమ్మిది నెలలైంది. ఆస్పత్రి నుంచి కాగితాలు తెచ్చుకుంది. పిల్లని ఇప్పించమని కోర్టుకెళ్తే రెండుసార్లు వాయిదా. ఎందుకో తెలుసా? మీ ఆఫీసు నుంచి ఎవరూ రాలేదు కాబట్టి! పిల్లేమో అమ్మా అమ్మా అని అన్నం మానేసింది. పంపించేశాను. ఏం చేస్తావో చేసుకో."

"మాకు చెప్పాల్సింది కదండీ."

"చెప్పలేదనా? మీవాళ్ళిచ్చిన కార్డు మీద నంబరుకి మూడుసార్లు చేశాను. ఎవరో అమ్మాయి గొంతు, సందేశం చెప్పమంది. చెప్పాను. పిల్ల తల్లి దగ్గరుంది, వచ్చి చూసుకోండి అని మూడుసార్లూ చెప్పాను. ఎవరొచ్చారు? నెలాఖరుకి ఆ కుర్రాడొచ్చి ఫోటో లేకపోతే ఒప్పుకోరు అన్నాడు. ఒక పిల్ల లేదంటే మిగతా ముగ్గుర్నీ కూడా ఎత్తుకుపోతారు మీరు. నాకు తెలీదా మీ సంగతి?"

ఆ నంబరు ర్యాండల్ కన్నా ముందు పనిచేసి, ఉద్యోగం మానేసి వెళ్ళిపోయిన అమ్మాయిది. ఆ సందేశాలు వినే నాథుడు లేడు. మార్వా తల్లి చిరునామా అడిగింది.

హైవే పక్కన మోటెల్, పదకొండో నంబరు గది. తలుపు కొట్టాం. పక్క గదిలోంచి ఒక ముసలావిడ తల బయటపెట్టి, "ఎవరు మీరు? ఆ పిల్లని నేను చూస్తున్నాను, వాళ్ళమ్మ కోళ్ళ ఫ్యాక్టరీ షిఫ్టు దిగి రెండు లోపల వస్తుంది. అందాకా అది తలుపు తియ్యదు, నేను తియ్యమననూ అనను" అని కుర్చీ లాక్కుని గుమ్మంలోనే కూర్చుంది.

మార్వా తలుపుకి దగ్గరగా నిలబడింది.

"కోరా, నా పేరు మార్వా."

లోపల్నుంచి సన్నటి గొంతు. "ఆఫీసా?"

"ఆఫీసే."

"అయితే తియ్యను. అమ్మ వద్దంది."

"మంచిపని. తియ్యకు. కిటికీ దగ్గరికి రా, నీ మొహం చూస్తాను చాలు."

తెర కొంచెం కదిలింది. పిల్ల మొహం కనిపించింది, తల దువ్వి రెండు జడలు వేసి ఉంది. మే నెల ఫోటోలో పిల్లే.

"నువ్వు కొత్తదానివా?" అంది పిల్ల.

"అవును, కొత్తదాన్ని."

"ముందు ఒక మిస్ వచ్చింది. మళ్ళీ వస్తానంది, రాలేదు. తర్వాత ఇంకొకావిడ కూడా అలాగే అంది. నువ్వు కూడా మళ్ళీ వస్తానంటావు కదా?"

"అనను."

"ఎందుకు?"

"వస్తానో లేదో నాకే తెలీదు కాబట్టి. ఇవాళ మాత్రం మీ అమ్మ వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను. అది ఒట్టు."

నాకు ఒళ్ళు మండింది. ఆవిణ్ణి పక్కకి లాగాను. "మేడం, పదకొండు దాటింది. పిల్ల క్షేమంగా ఉంది, చూశాం. ఇప్పుడు బయల్దేరితే అందుకుంటాం. నేనిక్కడ ఉంటాను, మీరు వెళ్ళండి."

"ఒట్టేశాను డొరీన్."

"పదవి పోతుంది! గ్రోవర్ వస్తాడు. ఈ ఒక్క పిల్ల కోసం నాలుగు వేల మందిని అతని చేతిలో పెడతారా?"

ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. అప్పటిదాకా ఆవిడకి ఏడుపొస్తుందని కూడా నాకు తెలీదు.

"వెళ్ళి ఏం చెప్పను వాళ్ళకి? తొంభై ఎనిమిది అని చెప్పనా? ఫోన్ తీసి రాయి. ఛైర్మన్ గారికి. మేము పంపిన అంకె ఫోటోల లెక్క. అందులో ఎంతమంది పిల్లల్ని నిజంగా చూశామో మాకు తెలియదు. ఒక పిల్ల విషయంలో అది అబద్ధమని ఈ ఉదయం తేలింది. ఆ పని మీద ఉన్నాను, రాలేను. అంతే. పంపు."

"ఇది పంపితే ఇక..."

"పంపు డొరీన్."

పంపాను. నా చేతులతోనే పంపాను. ఆవిడ ఎండలో సిమెంటు అరుగు మీద, ఆ తలుపుకి వీపు ఆనించి కూర్చుంది. లోపల పిల్ల తలుపు అవతల కూర్చున్నట్టుంది, ఇద్దరూ ఏవో కుక్కపిల్లల కబుర్లు చెప్పుకుంటున్నారు. నేను కారులో ఏసీ వేసుకుని ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాను. ఒంటిగంటా నలభైకి ఛైర్మన్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. ఏడు, నాలుగు. ఓడిపోయింది. ఈ క్షణం నుంచి గ్రోవర్ గారు బాధ్యత తీసుకున్నారని ఆ అమ్మాయి తియ్యగా చెప్పింది.

కారు దిగి చెబుదామనుకునే లోపు షెల్బీ వచ్చింది. రబ్బరు బూట్లు, తలకి ఇంకా వల టోపీ. ప్రభుత్వ కారు చూడగానే చేతిలో సంచీ వదిలేసి పరుగెత్తింది, తలుపుకి అడ్డంగా నిలబడింది.

"తీసుకెళ్ళడానికి వచ్చారా? నా మీద నుంచి వెళ్ళండి ముందు!"

లోపల పిల్ల గొలుసు తీసేసి వచ్చి తల్లి నడుం పట్టుకుంది. మార్వా లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. "చూడ్డానికొచ్చాను షెల్బీ. లోపలికి రానిస్తావా?"

చూసింది. పద్దెనిమిదేళ్ళు ఊళ్ళు తిరిగిన మనిషి ఎలా చూస్తుందో అలా చూసింది. ఫ్రిజ్ తెరిచింది, పక్కబట్టలు చూసింది, ఆస్పత్రిలో వారం వారం చేసిన పరీక్షల కాగితాలు ఒక్కొక్కటీ చదివింది. ముసలావిణ్ణి విడిగా పిలిచి అడిగింది. పిల్లని విడిగా కూర్చోబెట్టి అరగంట మాట్లాడింది. తర్వాత బయటికొచ్చింది.

"ఇక్కడే ఉండాలి ఈ పిల్ల. రేపటి నుంచి రోజూ ఒకరు వచ్చి చూసేలా కోర్టు తేదీ దాకా ఉంచొచ్చు."

"పొరపాటైతే?" అన్నాను.

"అయితే నా పొరపాటు. పేరు నాదే ఉంటుంది." నా వైపు తిరిగింది. "కోర్టు చెప్పకుండా తల్లి దగ్గర ఉంచాలంటే డైరెక్టర్ సంతకం కావాలి. ఇంకెవరిదీ చెల్లదు. డొరీన్, ఓటు అయిపోయిందా?"

షెల్బీ నన్ను చూస్తోంది. కోరా నన్ను చూస్తోంది. అయిపోయిందని చెబితే ఫోన్ గ్రోవర్‌కి వెళ్తుంది, ఒక గంటలో ర్యాండల్ వస్తాడు, పిల్ల సాయంత్రానికి ఎవరి తివాచీ మీద ఉంటుందో నాకు బాగా తెలుసు.

"లేదు మేడం," అన్నాను. "ఇంకా మాట్లాడుకుంటున్నారట."

కారులోంచి ఫారం తెచ్చి, బానెట్ మీద పెట్టి నింపాను. పిల్ల పేరు, తల్లి పేరు, చిరునామా, తేదీ. టైము దగ్గర ఆగి, ఒంటిగంటా ఇరవై అని రాశాను. ఇరవై ఆరేళ్ళలో ప్రభుత్వ కాగితం మీద నేను రాసిన మొదటి అబద్ధం అది.

మార్వా పెన్ను తీసుకుంది. టైము చదివింది. చేతి గడియారం చూసుకుంది, మూడు కావస్తోంది. తలెత్తి నా మొహం చూసింది. పొద్దున ఒక అబద్ధపు కాగితాన్ని ఒప్పుకోలేక పదవి వదులుకున్న మనిషి.

ఆవిడ వంగి సంతకం పెట్టింది.

ఆ రోజుకి కోరా ఫైల్లో నలభై మూడు కాగితాలున్నాయి, అన్నీ నేనే కుట్టాను. పిల్లని నిజంగా చూసి రాసిన కాగితం ఆ అబద్ధపు కాగితం ఒక్కటే.