ఎవరి కార్జం

ఓక్జు నాచు ఆకులో అన్నం పెట్టి కింబాప్ చుట్టి కోస్తుంటే అత్త పక్కన నిలబడి కొసముక్కలు ఏరుకుని తింటోంది. వేళ్ళు నాకి, మళ్ళీ అదే పళ్ళెంలో పెడుతోంది. అది కూతురు సోల్ తినాల్సిన పళ్ళెం. సోల్‌కి ఎనిమిదేళ్ళు. పదకొండో నెలలో కార్జం చెడిపోతే ఇంకొకరి కార్జంలోంచి ముక్క కోసి పెట్టారు. అది ఒంటికి పట్టి ఉండాలంటే రోజూ రెండు పూటలా మందు మింగాలి. రోగాన్ని ఆపే శక్తిని తగ్గించే ఆ మందు మింగే పిల్లకి పక్కవాళ్ళ ఎంగిలి కూడా జబ్బే.

"చేతులు కడుక్కోండి అత్తమ్మా."

"ఈ చేతుల్తోనే నా కొడుకుని పెంచాను. వాడికేమైంది?"

ఏమైందో గదిలోంచి గురకగా వినబడుతోంది. రాత్రి తాగిన సోజు కంపు వంటింటి దాకా వచ్చింది. ఓక్జు పళ్ళెంలోదంతా చెత్తబుట్టలో పోసింది. చేతులు కడిగి మళ్ళీ మొదలుపెట్టింది. వారానికి అయిదు రోజులు బడి వంటశాలలో ఆరువందల మందికి వండుతుంది. ఆరో రోజు ఇంట్లో వీళ్ళకి.

ఇవాళ చంగ్వన్ స్టేడియంలో పిల్లల ఆటలపోటీలు. ఒంట్లో ఇంకొకరి అవయవం పెట్టుకుని బతుకుతున్న పిల్లలకి ఏటా పెడతారు. మూడేళ్ళుగా సోల్‌ని ఓక్జుయే తీసుకెళ్ళింది. ఈసారి మొగుడు థేగ్యు కూడా వస్తానన్నాడు. చివర్లో ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్న పిల్లలూ చెయ్యి పట్టుకుని మైదానం చుట్టూ నడుస్తారట. అతను పనిచేసే ఫ్యాక్టరీ పత్రికవాళ్ళు ఫొటో తీస్తారట. దరఖాస్తు అతనే నింపాడు. 'ఇచ్చినవారు' అన్నచోట తన పేరే రాసుకున్నాడు. ఫ్రిజ్ మీద అంటించిన ఆ కాగితం ఓక్జు నిన్న చూసింది.

అప్పట్లో ముందు థేగ్యుయే ఇస్తానన్నాడు. కార్జం నిండా కొవ్వు పేరుకుందని, నెలరోజులు తాగకుండా ఉంటే పనికొస్తుందని డాక్టరు చెప్పాడు. ఎనిమిదో రోజున మెట్ల మీద కక్కుకుని పడి ఉంటే, ఆ కక్కు ఓక్జుయే కడిగింది. మర్నాడు వెళ్ళి తన పేరు ఇచ్చింది. అత్త మాత్రం చుట్టాలందరికీ కొడుకే ఇచ్చాడని చెప్పింది. "మగాడికి పరువు ముఖ్యం. నువ్వు నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోతుంది?" అంది. ఓక్జుకి ఆపరేషనైన నలభయ్యో రోజున మామ తద్దినం. నూనె మూకుడు ముందు కూర్చోబెట్టింది. కుట్లు లాగుతున్నాయంటే, "ఆడదానికి కోత కొత్తా?" అంది. ఆ మచ్చ చూసి సోల్ అడిగినప్పుడు, "నువ్వు పుట్టినప్పటిదే" అని అత్తే ముందు జవాబు చెప్పింది. కాన్పు కోత రొమ్ముల కింద నుంచి మొదలవుతుందా? పిల్లకేం తెలుసు. ఓక్జుకి తెలుసు. తెలిసీ ఏడేళ్ళు నోరెత్తలేదు. అందరికంటే ఎక్కువ తన ఆ నోటి మీదే ఆమెకి రోత.

స్టేడియంలో పిల్లలకి వేరే గుడారం వేశారు. అక్కడ పిల్లలే పిల్లలకి మందులు గుర్తుచేస్తారు, ఆస్పత్రి భయాలు చెప్పుకుంటారు, చొక్కాలెత్తి మచ్చలు కొలుచుకుంటారు. తొమ్మిది గంటల మందు పట్టుకుని ఓక్జు గుడారం దగ్గరికి వెళ్ళింది. పదకొండేళ్ళ బోమి, సోల్ బూటు తాడు బిగిస్తోంది. బోమికి పెట్టింది గుండె.

"నీది ఎవరిదే?"

"మా నాన్నది. మరి నీది, అక్కా?"

"ఎవరో చనిపోయిన పిల్లది. పేరు చెప్పరు. ప్రతిసారీ అడుగుతా, చెప్పరు." బోమి ముడి గట్టిగా లాగింది. "నీకు తెలుసుగా, నీ అదృష్టం. నాకు తెలిస్తేనా, పరిగెత్తే ముందు రోజూ పిలిచేదాన్ని."

ఓక్జు చేతిలో మందు అలాగే ఉండిపోయింది. చనిపోయిన పిల్ల పేరు తెలియక బోమి వెతుక్కుంటోంది. తను బతికుండి, పక్కనే నిలబడి, దాక్కుంది. ఇన్నాళ్ళూ మొగుడి పరువు కాస్తున్నాననుకుంది. నిజం దొంగిలించింది సొంత పిల్ల దగ్గర.

మందు మింగించింది. సోల్‌ని గుడారం వెనక్కి తీసుకెళ్ళి, తన జాకెట్టు ఎత్తి, పిల్ల వేలు పట్టుకుని మచ్చ మీద పైనుంచి కిందకి నడిపించింది.

"ఇది నువ్వు పుట్టినప్పటిది కాదు. నీకిచ్చిన ముక్క ఇక్కణ్ణుంచి తీశారు."

సోల్ వేలు తియ్యలేదు. "మరి నాన్న?"

"నాన్న ఎనిమిది రోజులు తాగకుండా ఉండలేకపోయాడు."

పిల్ల వేలిని మళ్ళీ పైదాకా నడిపించింది. "నొప్పి పుట్టిందా?"

"పుట్టింది."

చివరి నడకకి మైకులో పేర్లు పిలుస్తున్నారు. థేగ్యు పొట్ట లోపలికి పీల్చుకుని, కంపు తెలియకుండా చూయింగ్‌గమ్ నములుతూ, ఫొటోవాడి ముందు కాలర్ సర్దుకుంటున్నాడు.

"సోల్, రా రా, చెయ్యియ్యి. నవ్వు ముఖం పెట్టు."

సోల్ రాలేదు. తల్లి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ అతని పక్కనుంచే తెల్లగీత దాటారు. థేగ్యు నమలడం ఆపాడు.

"ఏయ్, ఎక్కడికి? అందరూ చూస్తున్నారు!"

అత్త మడతకుర్చీలోంచి లేచింది. ధైర్యం కార్జంలో ఉంటుందని అక్కడివాళ్ళ నమ్మకం; ఎదురుతిరిగిన మనిషిని తిట్టే తిట్టు ఒకటుంది. అదే తిట్టింది. "ఏమే, కార్జం ఉబ్బిందా నీకు?"

ఓక్జు వెనక్కి తిరిగింది.

"ఉబ్బిందత్తమ్మా. కోసిచ్చిన చోట మళ్ళీ పెరిగింది."