ఎవరి వెండిని వారినే కొనుక్కోమన్న అంగడి

నేను ఒక వెండి మొలతాడును. నెమ్మదిగా మాట్లాడటం నేర్చుకున్న లోహాన్నే; నలభై ఏళ్లు ఒక మనిషి నడుము మీద ఊపిరికి ఊపిరి కలిపి బతికినదాన్ని. అయినా ఈ మాటలు కోపంతోనే చెబుతాను. కోపం తగ్గాక చెబితే అది ఫిర్యాదు అవుతుంది, ఫిర్యాదులు వినేవారికి ఆవులింతలు వస్తాయి.

పెన్న ఒడ్డున ఒక పల్లెలో వీరబ్రహ్మాచారి కుంపటిలో పుట్టాను. గంగులయ్య తల్లి తన పాత కడియాలు రెండు తెచ్చి ఆచారి ముందు పెట్టి, కొడుకు పెళ్లికి మొలతాడు చేసిపెట్టమంది. ఎంతవుతుందని అడగలేదు. అక్కడి మర్యాద అది. కుంపటి ముందు ధర అడిగితే ఆచారి నిజాయితీని శంకించినట్లు. ఆమె కళ్ల ముందే కరిగించాడు, ఆమె కళ్ల ముందే తీగ సాగదీశాడు, పన్నెండు తులాలు తూచి చూపించాడు. కూలిగా కొంత డబ్బు, ఒక మూట కొర్రలు తీసుకున్నాడు. అక్కడ ఎవరూ ఏదీ అమ్మలేదు, ఎవరూ ఏదీ కొనలేదు. అందుకే పన్ను అనే మాట ఆ గుడిసె గుమ్మం తొక్కలేదు.

ఆ తరువాత గంగులయ్య నడుము. శనగచేల ఎండ, పెన్న ఇసుక, చెమట ఉప్పు. నల్లబడ్డాను, అరిగాను, అతని వేలి రాపిడికి ఒకచోట నున్నబడ్డాను. అతడు పోయిన రోజున భార్య ఓబుళమ్మ నన్ను విప్పి, తడిబట్టతో తుడిచి, బియ్యపు డబ్బాలో పెట్టింది. రెండేళ్ల తరువాత కూతురు పుల్లమ్మకు కొడుకు పుట్టాడు. మూడో నెలలో అమ్మమ్మ చేతి వెండి బిడ్డ ఒంటి మీద పడాలి. తాతను చూడని పిల్లవాడికి తాత వెండే పడాలని ఓబుళమ్మ పట్టు. చిన్న మొలతాడు, కాళ్లకూ చేతులకూ కడియాలు చేయించాలనుకుంది. కూలికని దాచిన రెండు వేలు కొంగున కట్టుకుని పట్నం వెళ్లింది. ఆచారి ఎప్పుడో కన్నుమూశాడు. కొడుకు మైదుకూరులో కుంపటి పెట్టాడని విన్నది గాని, అంత దూరం ఎందుకని అద్దాల అంగడి మెట్లెక్కింది.

అక్కడే పొరబడింది. పాత మర్యాదను కొత్త అంగడికి మోసుకుపోయింది. గుమాస్తా చేతిలో నన్ను పెట్టి, ఏమేమి చేయాలో చెప్పి, ధర అడగకుండా బల్ల మీద కూర్చుంది. అతడు నన్ను లోపలికి పంపాడు. గోడ వెనుక ఏం జరిగిందో ఆమెకు కనబడలేదు. నలభై ఏళ్ల గుర్తులు క్షణంలో పోయాయి. ముద్దనయ్యాను.

అప్పుడు చీటీ వచ్చింది. పాత వెండిలో కల్తీ పోను ఎనిమిది వేలకు కొన్నారట. కొత్త వస్తువుల వెండికి పన్నెండు వేల ఆరు వందలు, మజూరి పద్నాలుగు వందలు, వెరసి పద్నాలుగు వేలు. ఆ మొత్తం మీద నూటికి మూడు చొప్పున పన్ను నాలుగు వందల ఇరవై. ఎనిమిది వేలు తీసేయగా ఇంకా ఆరు వేల నాలుగు వందల ఇరవై కట్టాలి.

ఓబుళమ్మ వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. మజూరి అర్థమైంది. మిగతాది ఎక్కడ పుట్టిందని అడిగింది.

"పాతది మేం కొన్నట్టు, కొత్తది నువ్వు కొన్నట్టు పెద్దమ్మా. కొన్నదానికి పన్ను పడుతుంది గదా. గవర్నమెంటుది, మా చేతిలో ఏముంది?"

వినండి. ఆరు వేలలో పన్ను నాలుగు వందలే. మిగిలినదంతా అంగడిదే. నన్ను చౌకగా కొని, నన్నే ప్రియంగా అమ్మి, ఆ పెంచిన ధర మొత్తం మీద పన్ను లెక్కగట్టి, నిందను మాత్రం ఎక్కడో దూరాన కూర్చున్న ప్రభుత్వం నెత్తిన పెట్టాడు. కూలి మీద పన్ను వేస్తే వేయండి, పని జరిగింది. కానీ నేనెప్పుడు అమ్ముడయ్యాను? ఆమె ఎప్పుడు అమ్మింది?

ఆమే అడిగింది. "నా మొగుని నడుముకున్న ఎండిని నేను కొనేదేంది నాయనా? కూలెంతో చెప్పు, ఇచ్చి పోతా. ఎండి నాది."

"దాని మీద నీ మొగుడి పేరు రాసుండాదా పెద్దమ్మా?" అన్నాడు గుమాస్తా. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

పక్కన కుంకుమభరిణె బేరం చేస్తున్న ఒక పెద్దమనిషి జాలిపడ్డాడు. బిల్లు వద్దంటే పన్ను ఎగిరిపోతుందని, తామంతా తెల్లచీటీ మీదే తీసుకుంటామని రహస్యం చెప్పినట్లు చెప్పాడు. ఓబుళమ్మ ఆయన వైపు తిరిగింది.

"పన్ను పోతే నా ఎండి నాదైతాదా సామీ?"

ఆయన మళ్లీ భరిణె బేరంలో పడ్డాడు.

తనకు నగలు వద్దని, తన ముద్ద తనకు ఇచ్చేయమని ఆమె అంది. డబ్బు కట్టే కిటికీకి అడ్డంగా నిలబడింది. అరవలేదు, తిట్టలేదు, కదలలేదు. వెనుక వరుస పెరిగింది. చివరికి యజమాని తల ఊపాడు. గుమాస్తా లోపలికి వచ్చాడు.

అప్పటికి నేను యంత్రపు రెండు ఇనుప రోలర్ల నడుమ రేకుగా సాగుతున్నాను. అతడు నా వైపు ఒకసారి చూశాడు. పక్క పళ్లెంలోంచి ఇంకెవరిదో ముద్ద తీసుకుని, ఒక ముక్క తుంచి, తూకం సరిచేశాడు. అదేమిటని పనివాడు అడిగితే, వెండి వెండే కదా అన్నాడు. మోసం చేస్తున్నానన్న భయం కూడా ఆ గొంతులో లేదు. అదే నాకు మంట.

ఓబుళమ్మ ఆ ముద్దను చెంపకు ఆనించుకుంది. కొంగున ముడివేసి, ఆ పూటే మైదుకూరు బస్సెక్కుతానని అక్కడివారందరికీ వినబడేటట్లు చెప్పి, గెలిచిన మనిషిలా మెట్లు దిగింది. ఆమెను పిలవడానికి నాకు నోరు లేదు. ఆ బిడ్డ నడుముకు చుట్టుకునే వెండి ఎవరి ఇంటిదో, ఎవరి కన్నీటితో విప్పినదో. తాత ఒడి అనుకుని వాడు దానితోనే పెరుగుతాడు.

నన్ను పట్టీలు చేశారు. పదో రోజున ఒక తల్లి వచ్చి కూతురి కాళ్లకు నన్ను పెట్టి చూసింది.

"కొత్త సరుకు మేడం, ఇంతవరకు ఎవరి ఒంటి మీదా పడలేదు," అన్నాడు గుమాస్తా.

ఆమె తెల్లచీటీ వద్దంది. బిల్లు అడిగి తీసుకుంది, నూటికి మూడూ లెక్క ప్రకారం కట్టింది. నిజాయితీ గల మనిషి. ఆమె మీద నాకు కోపం లేదు. కోపం ఎవరి మీద దించుకోవాలో ఆ బిల్లులో వెదికాను. వెండి ఉంది, మజూరి ఉంది, పన్ను ఉంది. గంగులయ్య ఎక్కడా లేడు.